ఇంటి చుట్టూ పాములు: కాటు పడకముందే తెలియాల్సిన సంగతులు

(ఇళ్లలోకి వచ్చిన పాములను పట్టి అడవిలో వదిలే ఒక కార్యకర్త, వానాకాలం మొదట్లో కాలనీవాసుల సమావేశంలో తెర మీద ఫొటోలు చూపిస్తూ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు దయచేసి ముందుకు రండి, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఈ ఫొటోల్లో నేను చూపించబోయే తేడాలు చాలా చిన్నవి, అంత దూరం నుంచి కనపడవు.

అసలు విషయంలోకి వెళ్లేముందు ఒక్క మాట. పామును గుర్తుపట్టడం కాటు పడకముందు పనికొచ్చే విద్య. కాటు పడ్డాక దాని అవసరం లేదు. కాటు పడిన మనిషిని పక్కన కూర్చోబెట్టి, పాము ఏదో తేల్చుకోవడానికి కర్రలు, టార్చిలైట్లు పట్టుకుని పొదలన్నీ గాలించే కుటుంబాలను నేను చాలా చూశాను. ఆ గాలింపులో అరగంట, గంట గడిచిపోతుంది. ఆ గంటలో విషం తన పని తాను చేసుకుపోతుంది. కాబట్టి ఈరోజు నేర్చుకున్నదంతా ప్రశాంతంగా ఉన్నప్పుడు వాడుకోండి. పెరట్లో పాకుతున్నది జెర్రిపోతు అని తెలిస్తే టెన్షన్ పడకుండా పక్కకు తప్పుకుంటారు. స్టోర్‌రూమ్‌లో చుట్టుకుని పడుకున్నది రక్తపింజర అని తెలిస్తే పిల్లల్ని దూరంగా ఉంచి, పట్టేవాళ్లకు ఫోన్ చేస్తారు. నాకు కావలసింది అంతే.

మన దేశంలో మూడు వందలకు పైగా జాతుల పాములున్నాయి. వాటిలో విషం ఉన్నవి దాదాపు అరవై. అందులోనూ చాలా వరకు సముద్రంలోనో, దట్టమైన అడవుల్లోనో ఉంటాయి. మన ఇళ్ల దగ్గర తిరుగుతూ మనుషుల ప్రాణాలు తీసేవి ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. ఈ నాలుగూ కలిసి చేసే నష్టం మాత్రం చిన్నది కాదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. అంటే ఏడాదికి సగటున 58 వేల మంది. ఎక్కువ మరణాలు ఉన్న రాష్ట్రాల్లో మన తెలుగు ప్రాంతం కూడా ఉంది. దాదాపు సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు మధ్యలోనే జరుగుతాయి. ఈ సమావేశం ఇప్పుడే పెట్టమని నేను పట్టుబట్టింది అందుకే.

ఇక్కడ రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. హాని చేయని పామును విషపుదనుకుని కొట్టి చంపుతారు. ఎలుకలను తినే పాము పోతుంది, ఎలుకలు పెరుగుతాయి, వాటి కోసం మరో పాము వస్తుంది. ఈసారి వచ్చేది నాగుపాము కావచ్చు. రెండో పొరపాటు ఇంకా ప్రమాదం. విషపు పామును హాని చేయనిదనుకుని చేత్తో పట్టుకుంటారు. మొదటి పొరపాటుకు పాము చస్తుంది, రెండోదానికి మనిషి పోతాడు. అందుకే నేను ఎప్పుడూ చెప్పేది, అనుమానం ఉంటే విషపు పామే అనుకోండి.

"ఇన్ని తిప్పలు ఎందుకు సార్, చూడగానే తెలిసిపోయే గుర్తు ఒక్కటి చెప్పండి చాలు" అని ప్రతిచోటా అడుగుతారు. ఇది కొత్త ప్రశ్న కాదు. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు 18వ శతాబ్దం చివర్లో మన విశాఖపట్నంలో ఉండేవాడు. ఈ తీరంలో దొరికే పాములను సేకరించి, బొమ్మలు వేయించి, స్థానికులు చెప్పిన తెలుగు పేర్లతో సహా 1796లో పుస్తకంగా ప్రచురించాడు. రక్తపింజరకు కాటుకరేకుల పొడ అన్న పేరును ఆయన అందులో రాసిపెట్టాడు. ఇంగ్లీషులో ఆ పాముకు ఈరోజు ఉన్నది ఆయన పేరే. ఆయన ప్రత్యేకంగా వెతికింది కూడా మీరు అడిగేదే. పైనుంచి చూసి విషపు పామును తేల్చగల సులువైన గుర్తు ఏదైనా ఉందా అని. పొలుసులు లెక్కపెట్టాడు, తోకలు చూశాడు. నోట్లో కోరలు తప్ప, విషపు పాములన్నిటికీ సరిపోయే బయటి గుర్తు ఆయనకు దొరకలేదు. కోరలు చూడాలంటే నోరు తెరవాలి. ఆ పని మనం చేయలేం, చేయకూడదు.

అయినా ఫోన్లలో తిరిగే మెసేజ్‌లలో అలాంటి గుర్తులు చాలా కనిపిస్తాయి. తల త్రికోణంగా ఉంటే విషం, గుండ్రంగా ఉంటే కాదు అంటారు. నాగుపాము తల త్రికోణంగా ఉండదు. కట్లపాము తల అయితే మెడతో కలిసిపోయి ఉంటుంది. ఆ సూత్రం నమ్మితే మన ప్రాంతంలో అత్యంత ప్రమాదకరమైన రెండు పాములను మంచివాటి జాబితాలో వేసుకున్నట్టే. పైగా విషం లేని నీరుకట్టె భయపడితే తలను, మెడను వెడల్పు చేస్తుంది, చూడటానికి త్రికోణంలాగే ఉంటుంది. కనుపాప నిలువుగా ఉంటే విషం అన్నది ఇంకో మాట. నాగుపాము కనుపాప గుండ్రం. కట్లపాము కన్ను మొత్తం నల్లగా ఉండటంతో కనుపాప ఏ ఆకారమో తెలియనే తెలియదు. కొండచిలువకు కనుపాప నిలువుగా ఉంటుంది, దానికి విషం లేదు. ఈ సూత్రాలు చాలావరకు అమెరికా నుంచి వచ్చాయి. అక్కడి విషపు పాముల్లో ఎక్కువ భాగం పింజర జాతివి కాబట్టి అక్కడ కొంతవరకు పనికొస్తాయి. ఇక్కడ ప్రాణం తీస్తాయి. దయచేసి అలాంటి మెసేజ్ మీ గ్రూపులోకి వస్తే ముందుకు పంపకండి.

మరి ఎలా గుర్తుపట్టాలి? ఒక్కో పామును విడిగా, మొత్తంగా తెలుసుకోవాలి. ఒంటి మీద గీతలు ఎలా ఉన్నాయి, ఎక్కడ మొదలయ్యాయి, శరీరం లావా సన్నమా, ఎలా కదులుతోంది, పగలు కనిపించిందా రాత్రా, ఎక్కడ కనిపించింది. ఇవన్నీ కలిపి చూడాలి. అదీ దూరం నుంచే.

కట్లపాముతో మొదలుపెడతాను. ఎక్కువ సమయం దీని మీదే తీసుకుంటాను, ఎందుకంటే మనిషి నిద్రలో ఉన్నప్పుడు కాటేసే పాము ఇది. (తెర మీద ఫొటో) చూడండి, ఒళ్లు నల్లగా, కొంచెం నీలం జీర ఉన్న నలుపు, నున్నగా మెరుస్తూ ఉంటుంది. దాని మీద అడ్డంగా సన్నటి తెల్ల పట్టీలు. చాలాసార్లు ఆ పట్టీలు రెండేసి జతలుగా ఉంటాయి. పెద్ద పాములో తల దగ్గర, మెడ దగ్గర పట్టీలు ఉండవు, ఉన్నా చుక్కల్లా మసకగా ఉంటాయి. వెనక్కి వెళ్లేకొద్దీ స్పష్టంగా కనిపిస్తూ తోక దాకా సాగుతాయి. వెన్నెముక పొడవునా ఒక వరుస పొలుసులు మిగతావాటి కంటే పెద్దవిగా, ఆరు పలకలుగా ఉంటాయి. ఈ చివరి గుర్తు చాలా గట్టిది, కానీ బతికున్న పాములో దాన్ని చూడాలంటే మరీ దగ్గరకు వెళ్లాలి. ఇంట్లో కుబుసం దొరికితే మాత్రం పనికొస్తుంది. వెలుతురుకు పెట్టి వీపు భాగం చూడండి, మధ్య వరుస పొలుసులు పెద్దవిగా కనిపిస్తే జాగ్రత్తపడండి. కుబుసం సాగుతుంది కాబట్టి అసలు పాము దానికంటే పొట్టిగానే ఉంటుంది.

కట్లపాము అని పొరబడే పాము ఒకటుంది. ఉల్ఫ్ స్నేక్ అంటారు. (మరో ఫొటో) ఇది ఇళ్లలోకి బాగా వస్తుంది, గోడలు ఎక్కుతుంది, బల్లులను తింటుంది. విషం లేదు. మూరెడు పొడవు దాటేవి తక్కువ. చాలావరకు గోధుమ రంగు ఒళ్లు, తెలుపో పసుపో పట్టీలు. ఇప్పుడు రెండు ఫొటోలూ పక్కపక్కన పెడుతున్నాను, పట్టీలు ఎక్కడ మొదలవుతున్నాయో చూడండి. ఉల్ఫ్ స్నేక్‌లో మొదటి పట్టీ మెడ మీదే, వెడల్పుగా ఉంటుంది. తోక వైపు పోయేకొద్దీ పట్టీలు మసకబారతాయి. కట్లపాములో దీనికి తిరగేసి. ఉల్ఫ్ స్నేక్ తల కాస్త చప్పిడిగా, వెడల్పుగా ఉంటుంది. బాత్‌రూమ్ గోడ మీదో, కిటికీ చువ్వల మీదో పాకుతూ కనిపిస్తే ఎక్కువగా ఇదే. కట్లపాము నేల మీదే ఎక్కువ తిరుగుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. నల్లటి ఒంటి మీద తెల్ల పట్టీలుండే ఉల్ఫ్ స్నేక్ జాతి కూడా ఉంది. కట్లపాము పిల్లల్లో పట్టీలు మెడ దగ్గర నుంచే స్పష్టంగా ఉండొచ్చు. పట్టీలు దాదాపు లేని కట్లపాములూ ఉంటాయి. కాబట్టి నేను చెప్పిన తేడాలు మీరు ఊరట పొందడానికి, పట్టేవాళ్లకు ఫోన్‌లో వివరించడానికి మాత్రమే. చీపురుతో తోసేయడానికి, చేత్తో తీసి బయట పడేయడానికి ఆ తేడాల మీద ఆధారపడొద్దు. పట్టీలున్న నున్నటి పాము రాత్రిపూట ఇంట్లో కనిపిస్తే, తేలేవరకు అది కట్లపామే.

కట్లపాము కాటు గురించి కూడా ఇప్పుడే చెప్పాలి. కాటు పడినట్టు చాలామందికి తెలియదు. కోరలు చిన్నవి, నొప్పి ఉండదు, వాపు రాదు, గాటు కనపడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పితోనో వాంతితోనో లేస్తారు. రాత్రి తిన్నది పడలేదనుకుంటారు. తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగుడు పడదు, చివరికి ఊపిరి అందదు. నేల మీద పడుకున్న మనిషి తెల్లవారి లేచి కళ్లు తెరవలేకపోతున్నాను అంటే, ఒంటి మీద గాటు లేకపోయినా సరే, పాముకాటు అనుకుని ఆసుపత్రికి తీసుకెళ్లండి. డాక్టరుకు "రాత్రి నేల మీద పడుకున్నారు" అన్న మాట తప్పకుండా చెప్పండి. ఆ ఒక్క వివరం దారి చూపిస్తుంది. శ్వాస ఆగిపోయే దశలో కూడా వెంటిలేటర్ మీద కొన్ని రోజులు పెట్టి బతికించిన కేసులు చాలా ఉన్నాయి. ఆలస్యమైంది కదా అని ఆశ వదులుకోకండి.

ఇప్పుడు నాగుపాము, జెర్రిపోతు. పడగ విప్పితే నాగును ఎవరైనా గుర్తుపడతారు. ఇబ్బందంతా పడగ విప్పనప్పుడే. దారిలో పాకుతూ పోయే నాగుపాము మామూలు గోధుమరంగు పాములా ఉంటుంది. నల్లటివీ, పసుపుపచ్చవీ ఉంటాయి. పడగ వెనక కళ్లజోడు గుర్తు కొన్నిటికి మసకగా ఉంటుంది, కొన్నిటికి అసలే ఉండదు. అది లేదని నాగు కాదనుకోకండి.

జెర్రిపోతు మనకు కనిపించే పాముల్లో పొడవైనది, ఆరేడు అడుగులు మామూలే. సన్నటి మెడ, పెద్ద పెద్ద కళ్లు. పెదవుల మీద నిలువుగా నల్లటి గీతలుంటాయి, నాగుపాముకు అలా ఉండవు. ఒంటి వెనక సగంలో నల్లటి అడ్డగీతలు కనిపిస్తాయి. ఎక్కువగా పగటిపూట తిరుగుతుంది. మనిషిని చూస్తే క్షణం ఆగదు, సర్రున వెళ్లిపోతుంది. దారి లేకుండా మూలకు తరిమితే మెడ ఉబ్బించి గుర్రుమంటుంది. ఆ ఉబ్బు నిలువుగా ఉంటుంది, నాగు పడగలా అడ్డంగా వెడల్పు కాదు. కానీ భయంలో ఉన్న మనిషికి ఆ తేడా కనపడదు. అందుకే దాన్ని మూలకు తరమొద్దు. తలుపు తీసి దారి ఇవ్వండి.

జెర్రిపోతులన్నీ మగవనీ, నాగుపాములన్నీ ఆడవనీ, రెండూ జతకడతాయనీ ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. అవి రెండు వేర్వేరు జాతులు. రెండిట్లోనూ ఆడా మగా ఉన్నాయి. నాగుపాముకు వీలు దొరికితే జెర్రిపోతును తింటుంది. రెండు జెర్రిపోతులు పెనవేసుకుని లేచి ఆడుతుంటే చాలాసార్లు అవి మగపాములు, ఒకదాని మీద ఒకటి బలం చూపించుకుంటున్నాయి. ఈ నమ్మకం వల్ల జెర్రిపోతులను విషపు పాముల లెక్కలో వేసి చంపుతున్నారు. ఎలుకల మీద ఇంత బాగా పనిచేసే జీవి ఇంకోటి మన దగ్గర లేదు. దీన్ని కాపాడుకోమని మిమ్మల్ని బతిమాలుతున్నాను.

మూడోది రక్తపింజర. (ఫొటో) దీనితో నాకు చాలా భయం. పాము గురించి కాదు, దాన్ని కొండచిలువ పిల్ల అనుకుని ఎత్తుకునే మనుషుల గురించి. రెండూ గోధుమరంగు, రెండూ లావు, రెండిటికీ మచ్చలు. పాములు పట్టడం కొత్తగా నేర్చుకున్న కుర్రవాళ్లు కూడా ఇక్కడ మోసపోతారు. మచ్చలను శ్రద్ధగా చూడండి. రక్తపింజర వీపు పొడవునా మూడు వరుసల మచ్చలుంటాయి. నడుం మీద ఒక వరుస, రెండు పక్కలా ఒక్కో వరుస. ఒక్కో మచ్చా గుండ్రంగానో కోలగానో ఉండి, చుట్టూ నల్లటి అంచు, దాని బయట సన్నటి తెల్లటి అంచు ఉంటుంది. గొలుసుకట్టుగా, క్రమంగా ఉంటాయి. కొండచిలువ మచ్చలకు ఆ క్రమం ఉండదు. పెద్దవి చిన్నవి, వంకరటింకర, అంచులు చెదిరి ఉంటాయి. కొండచిలువ తల మీద బాణం మొనలాంటి గుర్తు కనిపిస్తుంది, ఒళ్లు నున్నగా మెరుస్తుంది. రక్తపింజర పొలుసుల మీద గరుకు గీతలుంటాయి కాబట్టి ఒళ్లు మెరవదు. తల త్రికోణంగా మెడ నుంచి విడిగా కనిపిస్తుంది, తోక పొట్టి.

ఇంకో తేడా చెవికి తెలుస్తుంది. రక్తపింజరను కదిలిస్తే చుట్టుకుని కూర్చుని ప్రెషర్ కుక్కర్ ఆవిరి వదిలినట్టు పెద్దగా, ఆగకుండా బుసకొడుతుంది. ఆ చప్పుడు వింటే ఉన్నచోటే ఆగి, ఎటు నుంచి వస్తోందో చూసుకుని మెల్లగా వెనక్కి అడుగు వేయండి. అది మందకొడిగా కనిపిస్తుంది కానీ కాటేసేటప్పుడు చాలా వేగం. దీని విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని పోగొడుతుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కాటు పడినచోట విపరీతమైన నొప్పి, వాపు.

ఈ పాము గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. ఒక్కసారికి ఇరవై, ముప్పై, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఎండలు తగ్గి వానలు మొదలయ్యే రోజుల్లో ఆ పిల్లలు బయటకు వస్తాయి. వాటికీ పుట్టగానే విషం ఉంటుంది, ఒంటి మీద అవే మూడు వరుసల మచ్చలుంటాయి. జానెడు పాము కదా అని చెప్పుతో తొక్కబోవద్దు.

పొట్టిగా లావుగా ఉండే మట్టిపాము ఒకటుంది, దాన్నీ రక్తపింజర అనుకుంటారు. దాని తల మెడ కంటే పెద్దగా వెడల్పు ఉండదు, తోక మొద్దుగా ఉంటుంది, మచ్చలు ఒకదానితో ఒకటి అంటుకుపోయి ఉంటాయి. విషం లేదు.

చిన్న పింజర గురించి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇది రాళ్లు, ఇసుక ఉన్న పొడి నేలల్లోనే ఎక్కువ. అడుగు, అడుగున్నర పొడవు. ఒంటికి రెండు పక్కలా అలల్లాంటి తెల్ల గీతలు, తల మీద పక్షి పాదంలాంటి గుర్తు. కదిలిస్తే ఒంటిని మడతలు వేసి పొలుసులను ఒకదానికొకటి రాస్తూ గరగర చప్పుడు చేస్తుంది. పగలు రాళ్ల కింద, ఇటుకల కింద ఉంటుంది. ఇల్లు కట్టడానికి తెచ్చిన రాళ్లు, ఇటుకలు ఎత్తేటప్పుడు చేతికి గ్లవుజులు, ముందు కర్రతో కదిలించడం తప్పనిసరి. చిన్నది కదా అని తేలిగ్గా తీసుకోకండి, ఇది ప్రాణాంతకం. దీన్ని పోలి ఉండే క్యాట్ స్నేక్ అనే చెట్టు పాము సన్నగా, పొడవుగా ఉంటుంది, మనుషులకు దానితో పెద్ద హాని లేదు.

ఇక మిగతా మంచి పాములు. నీరుకట్టె కాలువల్లో, బావుల దగ్గర, డ్రైనేజీల్లో ఉంటుంది. ఒంటి మీద చదరంగం గళ్లలాంటి మచ్చలు, కంటి కింద నుంచి వెనక్కి రెండు నల్లటి గీతలు. కోపం ఎక్కువ, పట్టుకుంటే కరుస్తుంది, రక్తం వస్తుంది, విషం మాత్రం లేదు. పసిరిక పాము ఆకుపచ్చగా, సన్నగా, మూతి కొనదేలి ఉంటుంది. కళ్లు పొడుస్తుందని చంపుతారు, అది అబద్ధం. దాని కొద్దిపాటి విషం బల్లులకూ తొండలకూ సరిపోయేది, మనిషికి ప్రమాదం కాదు.

పూలకుండీల్లో, బాత్‌రూమ్ జాలీ దగ్గర వానపాములా మెరుస్తూ కదిలేది గుడ్డిపాము. జానెడు ఉంటుంది. వానపాముకు ఒంటి మీద ఉంగరాల్లా అడ్డగీతలుంటాయి, దీనికి ఉండవు, నాలుక బయటకు ఆడిస్తుంది. చీమల గుడ్లు, చెదల పిల్లలు తిని బతుకుతుంది. ఈ జాతిలో అన్నీ ఆడవే, మగపాము లేకుండానే గుడ్లు పెడతాయి. కుండీల మట్టితో పాటు ప్రపంచమంతా పాకిపోయింది. ఎవరికీ ఏ హానీ చేయలేదు. చెవిలో దూరుతుందన్న భయంతో దాని మీద వేడినీళ్లు పోయకండి. చీపురుకట్టతో చేటలోకి ఎత్తి చెట్టు మొదట్లో వదిలేయండి. మీ అంతట మీరు తీసి వదలొచ్చని నేను చెప్పే పాము ఇదొక్కటే.

రెండుతలల పాముకు ఉన్నది ఒక్క తలే, తోక మొద్దుగా ఉండటంతో అలా కనిపిస్తుంది. దానికి కోట్లు వస్తాయని నమ్మించి పట్టి అమ్మే ముఠాలున్నాయి. పట్టినా, అమ్మినా, కొన్నా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

ఇంట్లో పాము కనిపిస్తే ఏం చేయాలి? ఒకరు దూరం నుంచి దాని మీద కన్నేసి ఉంచాలి, ఎటు పోయిందో తెలియకపోతే ఇల్లంతా నిద్ర ఉండదు. మిగతావాళ్లు పిల్లలను, కుక్కలను బయటకు తీసుకెళ్లాలి. వీలైతే ఫోన్‌లో జూమ్ చేసి ఫొటో తీయండి, దగ్గరకు వెళ్లి తీయొద్దు. అటవీ శాఖకో, పాములు పట్టే సంస్థలకో ఫోన్ చేయండి. హైదరాబాదులో అయితే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఎన్నో ఏళ్లుగా ఈ పని చేస్తోంది. వచ్చినవాళ్లు పాముతో ఆటలాడుతూ, మెడలో వేసుకుని వీడియోలు తీయించుకుంటుంటే చప్పట్లు కొట్టకండి. అలా ఆడుతూ చనిపోయినవాళ్లు ఉన్నారు. కొక్కెం, సంచి తెచ్చుకుని, గుట్టుచప్పుడు కాకుండా పని ముగించి వెళ్లేవాడే మంచి పనివాడు.

ఫినాయిల్, కార్బాలిక్ యాసిడ్, వెల్లుల్లి రసం చల్లితే పాములు రావన్నది నమ్మకండి. పాము ఎలుకల కోసం, కప్పల కోసం, దాక్కునే చోటు కోసం వస్తుంది. ఆ మూడూ తగ్గించండి. తలుపు కింద సందు మూయండి, డ్రైనేజీ గొట్టాలకు జాలీ వేయండి, గోడవారన కట్టెలు, ఇటుకలు పేర్చకండి, చెత్త నిలవ ఉంచకండి.

కాటు పడితే. కాటు పడిన మనిషిని కదలనివ్వకండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేయండి, వాపు వస్తే అవి బిగుసుకుంటాయి. చేయో కాలో విరిగినప్పుడు కట్టినట్టు ఒక చెక్కకు వదులుగా కట్టి కదలకుండా ఉంచండి. తాడుతో బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, ఐస్ పెట్టడం ఏదీ వద్దు. మంత్రాలకో ఆకు పసరుకో తిరిగే సమయం లేదు. 108కి ఫోన్ చేయండి. అంబులెన్సు రావడం ఆలస్యమయ్యే చోట బైకు మీద ఇద్దరి మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్లండి. నేపాల్ తరాయి గ్రామాల్లో ఇలా బైకుల మీద తొందరగా చేర్చే ఏర్పాటు చేశాక మరణాలు బాగా తగ్గాయి.

పామును చంపి సంచిలో వేసుకుని ఆసుపత్రికి తేవద్దు. మన ఆసుపత్రుల్లో ఇచ్చే విరుగుడు మందు ఒక్కటే, నాలుగు పాముల విషానికీ కలిపి తయారుచేసింది. ఏ పామో తెలియకపోయినా డాక్టరు లక్షణాలు చూసి, రక్తం తీసి గాజు గొట్టంలో 20 నిమిషాలు ఉంచి గడ్డకడుతోందో లేదో చూసి మందు మొదలుపెడతారు. నేను మొదట్లో చెప్పింది ఇందుకే. కాటు పడ్డాక పాము పేరు తేల్చే బాధ్యత మీది కాదు.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: గాటు చూసి తెలుసుకోవచ్చు కదండీ? రెండు చుక్కలుంటే విషం అంటారు.

జవాబు: తెలుసుకోలేరమ్మా. విషపు పాము కాటులో ఒక్క చుక్కే పడొచ్చు, గీరినట్టు ఉండొచ్చు, కట్లపాముకైతే అసలు కనపడకపోవచ్చు. విషం లేని పాము పళ్లు కూడా రెండుచోట్లే గట్టిగా దిగి ఉండొచ్చు. గాటు ఎలా ఉన్నా ఆసుపత్రికే. విషం ఎక్కలేదని డాక్టరు ఇరవైనాలుగు గంటలు చూసి చెబితే అప్పుడు ఇంటికి రండి.

ప్రశ్న: చచ్చిన పామును చేత్తో తీసి పడేయొచ్చా?

జవాబు: వద్దు. తల తెగిపోయిన పాము కూడా కొంతసేపటి వరకు నోరు మూసి కాటేయగలదు. పారతో ఎత్తండి. మొదట అసలు చంపకుండా ఉంటే ఈ ప్రశ్నే రాదు.

ప్రశ్న: పిల్ల పాముల విషం పెద్దవాటి కంటే ఎక్కువ అంటారు, నిజమేనా?

జవాబు: పిల్లపాము దగ్గర విషం తక్కువ పరిమాణంలో ఉంటుంది. కానీ ఆ తక్కువే మనిషి ప్రాణానికి చాలు. కాబట్టి ఆ పోలిక వల్ల మీ జాగ్రత్త ఏమీ మారదు.

ప్రశ్న: మా అత్తగారు నడుంనొప్పి వల్ల మంచం వద్దని నేల మీదే పడుకుంటారు. ఏం చేయమంటారు?

జవాబు: ఎత్తు తక్కువ ఉన్న గట్టి చెక్కమంచం చూడండి, నడుముకు నేల మీద పడుకున్నట్టే ఉంటుంది. ఆవిడ అదీ ఒప్పుకోకపోతే దోమతెర కట్టి, దాని అంచులు నాలుగు వైపులా పరుపు కిందకు గట్టిగా దోపండి. నేపాల్‌లో జరిగిన ఒక అధ్యయనంలో దోమతెరలో పడుకునేవాళ్లకు పాముకాటు బాగా తక్కువని తేలింది. దోమతెర గోడకు ఆనకుండా చూడండి. పక్కలో టార్చిలైటు ఉంచండి, రాత్రి లేచేటప్పుడు ముందు లైటు వేసి, నేల చూసి, ఆ తర్వాతే కాలు కింద పెట్టమనండి. ఆవిడతో నేను మాట్లాడాలంటే చెప్పండి, సభ అయ్యాక మీ ఇంటికి వస్తాను.